థీమ్, క్యారెక్టరైజేషన్ ప్యాక్ కొన్నాను: సగానికి ఫుల్ మార్కులు, సగానికి రీటెస్ట్

అమెరికాలో ఇంగ్లీషు టీచర్లు తమ క్లాసు కోసం తయారుచేసుకున్న వర్క్‌షీట్లను, స్లైడ్లను ఒక కట్టగా చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు. 2006లో న్యూయార్క్ స్కూలు టీచరు ఒకాయన మొదలుపెట్టిన టీచర్స్ పే టీచర్స్ ఈ బాపతు సైట్లలో ఎక్కువమందికి తెలిసినది, అదొక్కటే కాదు, ఇంకా ఉన్నాయి. అలాంటి ఒక సైట్లో హైస్కూలు పిల్లలకు థీమ్ (కథ లోకం గురించి చెప్పే మాట), క్యారెక్టరైజేషన్ (పాత్ర ఎలాంటిదో చూపించే తీరు) నేర్పే యూనిట్ ఒకటి పన్నెండు డాలర్లు, అంటే మన లెక్కలో వెయ్యి రూపాయల పైచిలుకు పెట్టి కొని, మా సీబీఎస్ఈ పదో తరగతి పిల్లలకు ఏడాదంతా వాడాను. అమ్మినావిడ పేరు చెప్పను. ఇలాంటి ప్యాకులు డజన్ల కొద్దీ ఉన్నాయి, ప్రివ్యూలు తెరిచి చూస్తే చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, కాబట్టి ఒకదాని గురించి చెప్తే మిగతావాటికీ సరిపోతుంది.

ముందే చెప్పేస్తున్నా: క్యారెక్టరైజేషన్ సగం డబ్బుకు పైసా వసూల్. థీమ్ సగం చూడ్డానికి కలర్‌ఫుల్‌గా ఉంది, క్లాసులో మాత్రం పిల్లల్ని పక్కదారి పట్టిస్తుంది, దాన్ని మీరు కూర్చుని తిరగరాసుకోవాల్సిందే.

ప్యాక్‌లో ఏముంటాయంటే, డెబ్బై పేజీల దాకా పీడీఎఫ్, గూగుల్ స్లైడ్లు, గోడకు అంటించుకునే పోస్టర్లు, చదవడానికి చిన్న చిన్న పాసేజీలు, ఆన్సర్ కీ, మార్కులు వేయడానికి రూబ్రిక్. ప్రతి పేజీ కింద కామన్ కోర్ నంబర్లు ఉంటాయి, అంటే 2010లో అమెరికాలో వచ్చిన ప్రమాణాలు. తొమ్మిది, పది తరగతులకు అందులో రెండోది థీమ్ గురించి, మూడోది ఒకదానికొకటి పొసగని కోరికలున్న పాత్రల గురించి. ఆ నంబర్లతో మనకు పనిలేదు కానీ, మన దగ్గర ఇప్పుడు కాంపిటెన్సీ ప్రశ్నలు (కంఠతా పట్టింది కాకుండా ఆలోచించి రాయాల్సినవి) అంటూ పేపర్లో సగం మార్కులకు అడుగుతున్నది కూడా దాదాపు అదే బాపతు.

మన దగ్గర క్యారెక్టర్ స్కెచ్ ఎలా నడుస్తుందో మీకు తెలియంది కాదు. గైడ్లో పాఠానికో పేరా ఉంటుంది, 'ఎ లెటర్ టు గాడ్' పాఠంలో లెంచో అంటే కష్టపడే రైతు, నిజాయితీపరుడు, దేవుడి మీద అచంచల విశ్వాసం ఉన్నవాడు. 'భోలీ' పాఠంలో భోలీ అంటే అమాయకురాలు, తర్వాత ధైర్యవంతురాలు. విశేషణాలు నాలుగు, చివర 'దస్' (అందువల్ల) అని పెట్టి ఒక వాక్యం. పిల్లలు కంఠతా పట్టేస్తారు. లిటరేచర్‌కి 40 మార్కులు, అందులో వంద నుంచి నూట ఇరవై పదాల పెద్ద ప్రశ్నలు రెండు, ఒక్కోటి ఆరు మార్కులు. ఆ ఆరు మార్కుల ప్రశ్న కాస్త తిప్పి అడిగారంటే, ఉదాహరణకు లెంచో, పోస్ట్‌మాస్టర్ ఇద్దరిలో ఎవరి విశ్వాసం గొప్పదో చెప్పు అన్నారంటే, కంఠతా పట్టిన పేరా దేనికీ పనికిరాదు. పిల్లలకు టెన్షన్, మనకు అంతకన్నా టెన్షన్.

ఈ జబ్బుకు ప్యాక్‌లో ఉన్న మందు స్టీల్ చార్ట్. బీఈడీలో చదివినవాళ్ళకు కొత్త కాకపోవచ్చు. ఎస్ అంటే స్పీచ్, టి అంటే థాట్స్, ఇ అంటే ఎఫెక్ట్ ఆన్ అదర్స్, ఎ అంటే యాక్షన్స్, ఎల్ అంటే లుక్స్. ఐదు గడులు, ప్రతి గడిలో మూడు అరలు: పాఠంలో మాట ఏమిటి, ఏ పేజీ ఏ పేరా, దాన్నిబట్టి నాకు ఏమనిపిస్తోంది. మూడో అర నింపాలంటే మొదటి రెండూ నింపాలి, తప్పించుకునే దారి లేదు. గైడ్ చూసి రాసేవాడికైనా, ఫోన్లో ఏఐని అడిగి రాసేవాడికైనా పేరా నంబరు దగ్గర బండి ఆగిపోతుంది, పుస్తకం తెరవక తప్పదు.

ఇ గడి దగ్గర ప్యాక్ అమ్మినావిడ ఇచ్చిన వివరణ అర పేజీ ఉంది, అమెరికా స్కూల్లో ఒక కుర్రాడు కారిడార్‌లోకి వస్తే మిగతావాళ్ళు ఎలా సర్దుకుంటారో అని. మా పిల్లలకు అది ఎక్కలేదు. నేను అది పక్కన పెట్టి, మన సినిమాల్లో హీరో ఎంట్రీకి ముందు ఏం జరుగుతుందర్రా అని అడిగాను. విలన్ గ్యాంగ్ వణుకుతుంది, టీకొట్టు దగ్గర ముసలాయన పాత సంగతి చెప్తాడు, మొహం చూపించకుండా కాళ్ళు చూపిస్తారు, అని క్లాసు క్లాసంతా అరిచింది. మీరు ఎలివేషన్ అంటున్నది ఇదే, హీరో ఒక్క మాట మాట్లాడకుండానే వాడు ఎలాంటివాడో పక్కవాళ్ళ మొహాల్లో చూపించడం, అన్నాను. అంతే, ఆ గడి గురించి మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

లెంచో పాఠానికి ఈ చార్ట్ పెట్టి చూడండి, గైడ్లో లేని మనిషి బయటికొస్తాడు. వడగళ్ళకు పంట పోయింది, వంద పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాశాడు, పోస్ట్‌మాస్టర్ తన జీతంలో కొంత వేసి, తోటి ఉద్యోగుల దగ్గర, స్నేహితుల దగ్గర పోగుచేసి డెబ్బై పంపాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. యాక్షన్స్ గడి నింపుతున్నప్పుడు వెనక బెంచీ అమ్మాయి ఒకతి అడిగింది, 'సార్, డబ్బు చూసి ఇతను ఆశ్చర్యపోలేదు, లెక్కపెట్టి కోప్పడ్డాడు, మరి థాంక్స్ ఎక్కడ చెప్పాడు?' అని. ఎక్కడా చెప్పలేదు. స్పీచ్ గడిలో చివరి ఉత్తరం ఉంటుంది, పోస్టాఫీసు వాళ్ళంతా దొంగలు అని. ఇప్పుడు ఈ గడినీ, దేవుడు పొరపాటు చెయ్యడు అన్న ఆలోచన ఉన్న థాట్స్ గడినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే విశ్వాసం ఒకవైపు కొండంత బలం, ఇంకోవైపు సాటి మనుషుల మీద పచ్చి అనుమానం అని పిల్లలకే తోచింది. సగం క్లాసు అతను అమాయకుడు అంది, సగం క్లాసు కృతఘ్నుడు అంది, బెల్లు కొట్టినా ఆపలేదు. నాకు ఈ ప్యాక్ డబ్బులు ఆ పీరియడ్‌లోనే వచ్చేశాయి.

భోలీ దగ్గరికి వచ్చేసరికి చార్ట్‌లో ఒక లోపం కనబడింది. ఎఫెక్ట్ గడి ఒకవైపే చూస్తుంది, ఈ పాత్ర వల్ల మిగతావాళ్ళకు ఏమవుతుంది అని. భోలీ కథలో నడిచేది అంతా రివర్స్. మశూచి మచ్చలు అని పిల్లలు లుక్స్ గడిలో రాసి ఊరుకున్నారు, కానీ ఆ మచ్చలు, నత్తి చూసి ఇంట్లోవాళ్ళు, బయటివాళ్ళు ఎలా ప్రవర్తించారో దాంట్లోనే భోలీ తయారైంది. స్కూలుకు పంపే రోజు శుభ్రమైన బట్టలు వేసి, తలకు నూనె రాస్తే, ఇంటికంటే మంచిచోటికే తీసుకెళ్తున్నారని ఆ పిల్ల నమ్మిందంటే, అంతకుముందు ఇంట్లో ఆ పిల్ల బతుకేమిటో ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది. అందుకే ఆ గడిలో బాణం గుర్తులు రెండు గీయించాను, ఒకటి పాత్ర నుంచి బయటికి, ఒకటి బయటి నుంచి పాత్రలోకి. లోపలికి వచ్చే బాణం కింద తోటి పిల్లల వెక్కిరింపులు, తల్లి నిర్లక్ష్యం, చివర టీచరమ్మ మెత్తని గొంతు. బయటికి వెళ్ళే బాణం కింద, ఐదు వేలు ఇస్తేగానీ తాళి కట్టనన్న పెళ్ళికొడుకు బిషంబర్ ముందు దండ తీసి మంటల్లో పారేసిన పెళ్ళికూతురు, నోరు తెరుచుకుని చూస్తున్న ఊరు. ఈ ఒక్క మార్పుతో భోలీ ఎందుకు మారింది అనే ప్రశ్నకు సమాధానం చార్ట్‌లోనే రెడీగా ఉంది.

లుక్స్ గడి ఇంకా బలహీనం. ఆవిడ ఉదాహరణల్లో చిరిగిన బట్టలంటే పేద, చేతులు కట్టుకుంటే భయం, ఇలా సూటిగా ఉంటాయి. మరి మిడ్‌నైట్ విజిటర్ కథలో గూఢచారి ఆసబుల్ సంగతి ఏమిటి? లావుపాటి మనిషి, గూఢచారి లక్షణం ఒక్కటీ లేదు, అతన్ని కలవడానికి వచ్చిన ఫౌలర్ అనే కుర్రాడు చూసి ఉసూరుమంటాడు, మనమూ ఫౌలర్‌తో పాటే ఉసూరుమంటాం. తీరా చూస్తే, తుపాకీ పట్టుకుని గదిలో నించున్న మాక్స్‌ని, అసలు లేని బాల్కనీ గురించి కబుర్లు చెప్పి, ఆరో అంతస్తు కిటికీలోంచి దూకించేస్తాడు. రచయిత కావాలనే రూపంతో మనల్ని బోల్తా కొట్టిస్తున్నాడు, ఆ సంగతి ప్యాక్‌లో ఎక్కడా లేదు. నేనైతే లుక్స్ పక్కన 'ఎవరి కంటికి?' అనే ప్రశ్న ఒకటి చేర్చాను.

క్యారెక్టరైజేషన్ సగంలో చెప్పుకోవాల్సినది ఇంకొకటి, గుణాలు తెలిపే పదాల పేజీ. వందకు పైగా పదాలు, తేలికైనవాటి నుంచి కష్టమైనవాటి దాకా మూడు మెట్లుగా. ఇంట్లో తెలుగు తప్ప ఇంగ్లీషు వినపడని పిల్లలు మా క్లాసులో ఎక్కువ, వాళ్ళ దగ్గర ఏ పాత్రకైనా గుడ్, కైండ్, హానెస్ట్, ఈ మూడు పదాలే ఉంటాయి. చూసినవన్నీ వాళ్ళకు తెలుసు, చెప్పడానికి పదమే దొరకదు. ఆ పేజీ జిరాక్స్ తీసి ప్రతివాడి నోట్సులో అంటించాను. గలిబుల్, రిజెంట్‌ఫుల్, స్టబర్న్ లాంటి మాటలు ఆన్సర్ షీట్లలో కనబడటం మొదలైంది, ఒకరిద్దరు అయితే పక్కవాణ్ణి తిట్టడానికి కూడా వాడేస్తున్నారు.

ఇక థీమ్.

మొదటి పేజీ ఒక పోస్టర్, అరవై దాకా ఒంటి పదాలు: లవ్, కరేజ్, గ్రీడ్, ఫ్రెండ్‌షిప్, ఫెయిత్. పైన హెడ్డింగ్ 'కామన్ థీమ్స్'. పేజీ తిప్పగానే ఒంటి పదం థీమ్ కాదు, అది టాపిక్ మాత్రమే, థీమ్ అంటే ఆ టాపిక్ గురించి కథ చెప్పే మాట, పూర్తి వాక్యం, అని వివరణ. ఆ వివరణ కరెక్టే, మరి గోడమీద అరవై పదాలు థీమ్స్ అని ఎందుకు పెట్టినట్టు? పిల్లలు రెండో పేజీ చదవరు, గోడ చూస్తారు. లెంచో కథ థీమ్ ఏంటంటే పోస్టర్ వైపు చూసి 'ఫెయిత్' అంటారు, పని అయిపోయింది అనుకుంటారు. నేను ఆ పోస్టర్ అంటించి వారం తిరక్కుండానే పీకేశాను.

దాని తర్వాత ఒక ఫార్ములా ఉంది, టాపిక్ రాసి పక్కన 'టీచెస్ అస్ దట్' (మనకు నేర్పేది ఏమంటే) అని పెట్టి పూరించమని. ఇది అమెరికా పిల్లల దగ్గర ఎలా పనిచేస్తుందో గానీ, మన దగ్గర వెంటనే నీతిచంద్రిక అయిపోతుంది. చిన్నప్పటి నుంచి కథ చివర డబ్బాలో నీతి చదివి పెరిగిన పిల్లలు, వాళ్ళకు 'టీచెస్' అనే మాట కనబడితే చాలు, గ్రీడ్ టీచెస్ అస్ దట్ వుయ్ షుడ్ నాట్ బీ గ్రీడీ. నెక్లెస్ పాఠానికి క్లాసులో ముప్పావు వంతు రాసింది ఇదే, మిగతా పావు వంతు 'ఎవరి దగ్గరా నగలు అప్పు తీసుకోకూడదు' అని రాశారు.

అందుకని ఆ షీటు కొట్టేసి రెండు షరతులు పెట్టాను. మీ వాక్యంలో పాత్ర పేరు ఉండకూడదు, షుడ్, మస్ట్ అనే మాటలు ఉండకూడదు. పేరు లేకపోతే కథ సారాంశం రాయడం కుదరదు, షుడ్ లేకపోతే ఉపదేశం కుదరదు, ఇక మిగిలేది ఈ కథ లోకం గురించి ఏం చూపిస్తోంది అన్నది ఒక్కటే. మొదట్లో క్లాసంతా తెల్లమొహం వేసింది. నెక్లెస్ కథకు మళ్ళీ రమ్మన్నాను. మెటిల్డా స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చుకుని పోగొట్టుకున్న నగకు బదులు కొన్నది ముప్పై ఆరు వేల ఫ్రాంకులు, దానికోసం పదేళ్ళ చాకిరీ, చివరికి చూస్తే పోయిన నగ నకిలీది, దాని ఖరీదు ఐదు వందలు దాటదు. ఈ మూడు అంకెలు బోర్డు మీద రాసి వదిలేశాను. ఒక కుర్రాడు రాసిన వాక్యం తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: పరువు కోసం ఆడిన చిన్న అబద్ధం నిజం కన్నా ఎన్నో రెట్లు ఖరీదు. ఇంకో అమ్మాయి: తన దగ్గర ఉన్నదాని విలువ తెలియనివాళ్ళకు ఎదుటివాళ్ళ దగ్గర ఉన్నదాని విలువ కూడా తెలియదు. రెండూ వేరువేరు థీములు, రెంటికీ పాఠంలో ఆధారం ఉంది, దేన్ని తప్పంటాం?

అబద్ధం అన్న ఆ కుర్రాణ్ణి నిలబెట్టి ఎక్కడుందిరా అబద్ధం అంటే, స్టీల్ చార్ట్ తీశాడు. భర్త మాటల గడిలో రాసుకున్నాడు, నగ కొక్కెం విరిగిందనీ, బాగుచేయించి ఇస్తామనీ స్నేహితురాలికి ఉత్తరం రాయమని భర్తే చెప్తాడు. గైడ్లలో లోయిజల్ అంటే పాపం మంచి భర్త, తుపాకీ కొనుక్కుందామని దాచుకున్న నాలుగు వందల ఫ్రాంకులు భార్య గౌనుకు ఇచ్చినవాడు. అంతా నిజమే, కానీ పదేళ్ళ కష్టానికి తలుపు తెరిచిన వాక్యం అతని నోట్లోంచే వచ్చింది. ఇన్నేళ్ళుగా ఈ పాఠం చెప్తున్నా, ఆ వాక్యం దగ్గర ఏ పిల్లాడూ ఆగడం నేను చూడలేదు. థీమ్ ఎప్పుడూ పాత్ర చేసినదాంట్లోంచే పుడుతుంది, రెండూ వేరువేరు చాప్టర్లుగా పెట్టడమే ఈ ప్యాక్‌లో అసలు తిరకాసు అని నాకు అనిపిస్తోంది. క్యారెక్టర్ చార్ట్ పూర్తయిన మర్నాడే, అదే చార్ట్ ముందు పెట్టుకుని థీమ్ వాక్యం రాయించాలి. ప్యాక్‌లో అయితే చార్ట్ ఒక కథకు, థీమ్ షీటు ఇంకో కథకు.

ఆన్సర్ కీ గురించి చెప్పకపోవడమే మంచిది, ప్రతి పాసేజీకి ఒకే ఒక్క థీమ్ ఇచ్చి అదే సరైనది అంటుంది. రూబ్రిక్ మాత్రం బాగుంది, వాక్యం ఏదైనా సరే, ఆధారం ఎంత బలంగా ఉంది, ఆధారానికీ వాక్యానికీ లంకె వివరించావా లేదా అని నాలుగు స్థాయిల్లో మార్కులు. దాన్ని నేను ఆరు మార్కులకు సర్దుకుని వాడుతున్నాను, పిల్లలకు ముందే చూపిస్తున్నాను, నాకెందుకు నాలుగే వచ్చాయి సార్ అనే గొడవ బాగా తగ్గింది.

పాసేజీలు మనకు అక్కర్లేదు. హోమ్‌కమింగ్ డాన్సు, లాకర్లు, క్వార్టర్‌బ్యాక్, థాంక్స్‌గివింగ్ భోజనం, ఇవన్నీ వివరించేసరికి పీరియడ్ అయిపోతుంది. మన పాఠ్యపుస్తకాలు ఫస్ట్ ఫ్లైట్, ఫుట్‌ప్రింట్స్ వితౌట్ ఫీట్‌లోని పాఠాలకే ఆ షీట్లు పెట్టుకోండి, హాయిగా సరిపోతాయి. టైము కూడా వాళ్ళ లెక్కలో మూడు వారాల యూనిట్, మనకు నలభై నిమిషాల పీరియడ్లో నలభై మంది, ప్రీబోర్డుల లోపల సిలబస్ ముగించాలి. పాఠానికి ఒక్క చార్ట్, ఒక్క థీమ్ వాక్యం, అంతకుమించి ఆశపడకండి. గూగుల్ స్లైడ్లలో లాగి పెట్టే ఆటలు ప్రతి పిల్లాడి ముందూ ల్యాప్‌టాప్ ఉన్న క్లాసులకోసం, నేనైతే తెరిచి మూసేశాను.

కొన్ని చిల్లర విషయాలు. ఫైలు అమెరికన్ లెటర్ సైజులో ఉంటుంది, మన ఏ4 కన్నా కాస్త వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ, ప్రింట్ ఇచ్చేటప్పుడు ఫిట్ టు పేజ్ పెట్టకపోతే కుడివైపు గీతలు తెగిపోతాయి. రంగుల బొమ్మలు చాలా ఉన్నాయి, బ్లాక్ అండ్ వైట్ కాపీ విడిగా ఉందో లేదో చూసుకుని కొనండి, లేకపోతే జిరాక్స్ షాపులో నల్లటి మచ్చలొస్తాయి. కార్డుకు విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి. లైసెన్సు ఒక్క టీచరుకే, స్టాఫ్‌రూమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే అది అమ్మినావిడ పొట్టకొట్టినట్టే, ఆవిడా మనలాగే రాత్రిళ్ళు కూర్చుని పేపర్లు దిద్దుకునే మనిషి.

పైసా పెట్టకుండా కావాలంటే స్టీల్ చార్ట్ నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది, అది ఎవరి సొంతమూ కాదు. కామన్‌లిట్ అని లాభాపేక్ష లేని సంస్థ 2014 నుంచి నడుపుతున్న సైటు ఉంది, టీచర్లకు, పిల్లలకు ఉచితం, తరగతిని బట్టి, థీమ్‌ని బట్టి పాఠాలు వెతుక్కోవచ్చు, కింద ప్రశ్నలుంటాయి. ప్రశ్నలు ఎలా వేయాలో నేర్చుకోవడానికి నేను దాన్నే ఎక్కువ చూస్తాను. కాబట్టి కొత్తగా చేరినవాళ్ళు, చార్టులు సొంతంగా తయారుచేసుకునే తీరిక లేనివాళ్ళు అయితే డిస్కౌంట్‌లో ఈ ప్యాక్ కొనుక్కోండి, పదాల పేజీ, రూబ్రిక్, ఆ చార్ట్, మూడింటికే డబ్బు ఇస్తున్నామని అనుకుని. పదిహేనేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళు మాత్రం పర్సు తీయకండి.

అక్కడ స్కూళ్ళు ఆగస్టులో తెరుస్తారు కాబట్టి డిస్కౌంట్లు ఆ టైములో పెడతారు, మనకు అంతకుముందే క్లాసులు మొదలు, ఆ లెక్కన వచ్చే ఏడాదికి కావాలంటే ఈ ఆగస్టులోనే కొనిపెట్టుకోవాలి. కొనేముందు ప్రివ్యూలో థీమ్ పేజీ ఒక్కటి చూడండి, ఒంటి పదాల పోస్టర్ కనబడిందంటే ఆ సగం పనికిరాదని లెక్కేసుకుని, ధర ఆరు డాలర్లు దాటితే వదిలేయండి.